రెండో కన్ను

ఆ రోజు పొద్దున్న కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం నాలుగింటికి లేసు టీచరమ్మ వస్తుంది, ఆలోగా పని ముగించి ఆవిడ చేతిలో పెట్టాలి. రేపటి ప్రదర్శనలో ముందు బల్ల మీద ఒక్క చోటే మిగిలింది. మూడేళ్లుగా కోడలు అల్లిన అంచులన్నీ బల్ల కింద అట్టపెట్టెలోనే ఉండిపోయాయి. వాటికి మొగుడు బూట్ల తాళ్లని పేరు కూడా పెట్టాడు. ఇవాళ తాడో పేడో తేల్చుకోవాల్సిందే.

అందుకే కొత్త పద్ధతికి దిగింది. కండెల లేసంటే గట్టి దిండు మీద చిల్లుల అట్ట పరిచి, చిల్లుకొక గుండుసూది గుచ్చి, కండెలకు చుట్టిన దారాల్ని ఆ సూదుల చుట్టూ అటూ ఇటూ మార్చుతూ అల్లాలి. అంచులైతే కోడలు కళ్లు మూసుకుని అల్లేస్తుంది. ఈ అట్ట సంగతి వేరు. అటక మీద ట్రంకుపెట్టె అడుగున దొరికింది. మొగుడి నానమ్మది. ఆవిడ పోయి ఇరవై ఏళ్లయింది. అట్ట మూల వంకర అక్షరాలతో రాసి ఉంది: 'వెనకవైపు నుంచి అల్లాలి. ఆఖరి సూది తీసేదాకా తిప్పి చూడరాదు.' బొమ్మ ఏమిటో మాత్రం రాయలేదు.

బయట దట్టంగా మంచు. ఎదురిల్లు కూడా కనబడడం లేదు. కండెలు టకటకమంటున్నాయి. కోడలు చెయ్యి ఆపినా ఆ చప్పుడు ఇంకో రెండుసార్లు వినిపించి ఆగుతోంది. మొదట నవ్వుకుంది. నాలుగోసారికి నవ్వు రాలేదు.

"ఏమోయ్, ఈ ముసలావిడెవరు?"

కోడలు ఉలిక్కిపడింది. మొగుడు గడియారాల మెకానిక్. కంటికి భూతద్దం బిగించుకునే తిరుగుతాడు. ఆ అద్దంతోనే దిండు మీదికి వంగాడు.

"ముసలావిడేంటండీ?"

"ఇదిగో కొప్పు. ఇది ముక్కు. ఒక కన్ను తెరుచుకుంది, రెండోది ఇంకా మూతే."

ఆ మాటతో కోడలికీ కనబడింది. ఒకసారి కనబడ్డాక ఇంక కనబడకుండా పోదు కదా! వంటింట్లోంచి అత్తగారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, చూసి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"మా అత్తయ్య!"

"ఊరుకో అమ్మా, దారాలు అవి," అన్నాడు కొడుకు.

"ముక్కు పక్కన పుట్టుమచ్చ చూడరా! కుడివైపు. అచ్చం అక్కడే."

అద్దంతో చూశాడు. నల్లగా లేదు గానీ, చిన్న ముడి ఉంది, సరిగ్గా అక్కడే. అతని గొంతు తగ్గింది. "ఉందే!"

కోడలు గడియారం చూసింది. పన్నెండు. మిగిలింది ఆ రెండో కన్నే. సూది తీసుకుని గుచ్చబోయింది.

"గుచ్చకు!" అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది. "పెద్దావిడ కంట్లో సూది గుచ్చుతావా? అసలా కన్ను తెరవకు. ఒక్క కంటితోనే నన్ను తినేసేలా చూస్తోంది."

"అత్తయ్యా, నాలుగింటికి టీచరమ్మ వస్తుంది. నా మూడేళ్ల కష్టం."

"నీది మూడేళ్లు. నాది ముప్ఫై!"

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు. అత్తగారు కుర్చీ లాక్కుని దిండు ఎదుటే కూలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తప్పయిపోయింది అత్తయ్యా. మీరల్లిన ఆ లేసు కోసింది నేనే. ఇంటెడు చాకిరీ నా మీద పడేసి, పొద్దస్తమానం ఆ టకటకలతో కూర్చుంటే ఒళ్లు మండి కత్తెరేశాను. అడిగితే పిల్లి చింపిందన్నాను."

మొగుడు కంటి అద్దం తీసేశాడు.

"నా పిల్లి మీదికి నెట్టావా?"

"నువ్వప్పుడు చిన్నవాడివి..."

"దాన్ని ఊరవతల వదిలేయించారు. నేను వారం రోజులు అన్నం ముట్టలేదమ్మా!"

తల్లీకొడుకులు అక్కడే తగువుకు దిగారు. అదే అదనని కోడలు రెండో కన్ను అల్లడం మొదలుపెట్టింది. దారం దాటే కొద్దీ రెప్ప విచ్చుకుంది. ఆఖరి ముడి పడేసరికి రెండు కళ్లూ తిన్నగా అత్తగారినే చూస్తున్నాయి.

నాలుగు కొట్టింది, తలుపు తట్టారు. టీచరమ్మ వస్తూనే సూదులన్నీ చకచకా లాగేసింది. అత్తగారు కళ్లు మూసుకుంది. టీచరమ్మ లేసును వెనక్కి తిప్పి, తలకిందులు చేసి, వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

"అబ్బ, పూలబుట్ట! ఎంత ముద్దుగా ఉంది!"

నిజమే. బుట్టే కొప్పు, రెండు పూలే కళ్లు, మొగ్గే ముక్కు. మొహం ఎక్కడికి పోయిందో మరి!

అత్తగారు కళ్లు తెరిచి చూసి, ఇంకాస్త పాలిపోయింది. "నేను కోసింది... ఈ పూలబుట్టనే."

"ముందు బల్ల నీదేనమ్మా," అంది టీచరమ్మ. కోడలికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "అయితే ఈ మొగ్గ పక్కన ముడి ఎందుకేశావు? దారం తెగిందా?" అని అడిగింది టీచరమ్మ.

"లేదండీ. నేనసలు అక్కడ ముడే వెయ్యలేదు," అంది కోడలు.

మర్నాడు మొగుడు ఒక పిల్లిని తెచ్చాడు. ఆ ఇంట్లో ఇప్పుడు ఏది చిరిగినా పిల్లిని ఎవరూ ఏమీ అనరు, ముందు అత్తగారినే అడుగుతారు.