శైలేందరన్న సాంప్లర్ ఎంపిక

ఎల్లారెడ్డి మున్సిపల్ చైర్మన్ కుర్చీకి తనకన్నా తగినవాడు పుట్టలేదని నమ్మే శైలేందర్, కామారెడ్డిలో ప్రెస్‌మీట్ పెట్టి చారిత్రక ప్రకటన చేశాడు.

"ఇంట్లనే పాట రికార్డు చేసేటందుకు ఏ సాంప్లర్ మంచిదో నేనే స్వయంగ పరిశీలించి ఎంపిక చేస్త. దీంట్ల ఎవల ఒత్తిడికీ లొంగ."

ఒత్తిడి చేస్తున్నదెవరో అడగడం మర్యాద కాదని, వచ్చిన ఇద్దరు విలేకరులూ తలవంచుకుని రాసుకున్నారు.

సాంప్లర్ అంటే కంప్యూటర్‌లో ఉండే సాఫ్ట్‌వేర్. ఏ శబ్దమైనా పట్టి అందులో దాచితే, కీబోర్డు మీద కీ నొక్కినప్పుడల్లా అదే శబ్దం పలుకుతుంది. నాయకుడికి అంతటి అవసరం ఊరికే రాలేదు. ఆదివారం హైదరాబాద్ నుంచి పార్టీ పరిశీలకుడు వస్తున్నాడు. ఎవరి వెనక జనం ఉంటే వాళ్లకే టికెట్. అదే టికెట్ అదే పార్టీలో కిషన్‌లాల్ కూడా అడుగుతున్నాడు. జనమేమో నాట్లలో ఉన్నారు. బిర్యానీ పెడతామన్నా మడి వదిలి వచ్చేలా లేరు. కాబట్టి ఒక పాట కావాలి, పాట వెనక జేజేలు కావాలి.

ఎల్లారెడ్డి చర్చిలో కీబోర్డు వాయించే ప్రభుదాసుకు పడకగదే స్టూడియో. మంచం బయట వేసి, గోడలకు దుప్పట్లు కట్టి, ఫ్యాన్ ఆపి, మొదటి సాంప్లర్ తెరిచాడు.

"దీంట్ల వందల వాయిద్యాలున్నయన్నా. జర వయొలిన్ వినుండ్రి."

"వినుడు తర్వాత. గా రంగు ఎవల జెండాది?"

తెర మీద బొత్తాలన్నీ ఎదుటి పార్టీ రంగులో మెరుస్తున్నాయి.

"పాట వినేటోళ్లకు రంగు కనవడదన్నా."

"కనవడకుంటనే కొంప ముంచుతరు వాళ్లు. తీసెయ్."

రెండోదాంట్లో తయారుగా కోరస్ ఉంది. ప్రభుదాసు కీ నొక్కగానే వందమంది ఒక్కసారిగా గొంతెత్తారు. శైలేందర్ కళ్లు మూసుకుని విన్నాడు.

"ఏ మండలపోళ్లు వీళ్లు?"

"ఏదో బయటి దేశపోళ్లన్నా."

"ఓట్లు లేనోళ్లతోని మనకేం పని?"

మూడోదాన్ని ప్రభుదాసు కొంచెం మొహమాటంగా తెరిచాడు. "దీంట్ల ఏముండదన్నా. ఉత్త ఖాళీ. ఏం కావాలన్నా మనమే పట్టి నింపుకోవాలె."

శైలేందర్ కళ్లు చెమర్చాయి. "గిదే మన పార్టీకి సరిపోయేది" అన్నాడు.

ఇక నింపడానికి ప్రజల గొంతు కావాలి. వీధంతా చూస్తే దొరికింది ఒక్క హన్మవ్వ. ప్రభుదాసు భార్య లిదియా దగ్గర తీసుకుపోయిన చేట తిరిగి ఇవ్వడానికి వచ్చింది.

"అవ్వా, గీ మైకుల శైలేందరన్న జిందాబాద్ అను."

"గాయన ఎవలు?"

"నేనే అవ్వా."

"నువ్వా బిడ్డా. మా వాడల నల్లా నీళ్లు వస్తలేవు. జర చూడరాదు."

"చూస్త. నల్లా ముచ్చట తర్వాత. ముందుగాల జిందాబాద్."

హన్మవ్వ పేరు పలికింది, జిందాబాద్ అంది, చివర ఖళ్లుమని దగ్గింది. ప్రభుదాసు పేరును ఒక కీకి, జిందాబాద్‌ను ఇంకో కీకి కట్టాడు. కింది కీలు నొక్కితే మగవాళ్లు పలికారు, పై కీలు నొక్కితే పిల్లలు పలికారు, అరచేయి మొత్తం ఆనిస్తే వార్డంతా పలికింది. పలికినవాళ్లందరూ ఆఖరున కలిసికట్టుగా దగ్గారు.

"దగ్గు కత్తిరిస్తనన్నా."

"వద్దు. జనమన్నంక దగ్గుతరు. అది లేకుంటే నకిలీ అనుకుంటరు."

ఇంత ముందుచూపు ఎందరికి ఉంటుంది?

ఆదివారం పరిశీలకుడు గెస్ట్‌హౌస్‌లో దిగాడు. కాంపౌండ్ గోడ అవతల శైలేందర్ స్పీకర్లు మొదలయ్యాయి. పాట మధ్యలో వేలమంది జిందాబాద్ అన్నారు, వేలమంది దగ్గారు. పరిశీలకుడు లేచి కిటికీ వైపు నడవబోయాడు.

"బయటికి పోకుండ్రి సార్" అన్నాడు పక్కనే ఉన్న శైలేందర్. "అభిమానంతోని మీద పడిపోతరు."

అంతలో అటువైపు గోడ అవతల నుంచి ఇంకో హోరు లేచింది. కిషన్‌లాల్ అన్న జిందాబాద్. ఆ వెంటనే, ఖళ్లు.

శైలేందర్ గబగబా ఆ వైపు కిటికీ మూశాడు.

పరిశీలకుడు రెండు గోడల వైపూ చాలాసేపు విన్నాడు. "రెండు వర్గాలకూ ఒక్కటే దగ్గా?"

"నాట్లల్ల తడుస్తున్నరు సార్" అన్నాడు శైలేందర్.

"పాపం" అన్నాడు పరిశీలకుడు. "పాట మంచిగుంది. ఎవరు చేసిండ్రు?"

ప్రభుదాసు పేరు రాసుకుని, టికెట్ సంగతి పైవాళ్లతో మాట్లాడి చెబుతానని చెప్పి ఆయన కారెక్కాడు.

శైలేందర్ ప్రభుదాసు ఇంటికి బయలుదేరాడు. తన జనాన్ని కిషన్‌లాల్‌కు ఎట్లా ఇచ్చావని నాలుగు మాటలు అడగాలనుకున్నాడు. ఇంటి ముందు మంచం బయటే ఉంది. మంచం పక్కన పరిశీలకుడి కారు ఆగి ఉంది.

లోపల ఫ్యాన్ ఆగింది. దుప్పట్ల వెనక నుంచి హన్మవ్వ గొంతు వినిపించింది.

"నల్లా ముచ్చట తర్వాత అంటవ్, నాకెరికే. ముందుగాల నీ పేరేందో చెప్పు బిడ్డా."