ఏట్లో కడిగిన దోసకాయలు

ఒక పెద్ద అడవిలో, ఏటి దిగువన, దూదమ్మ అనే కుందేలు దోసపాదులు పెట్టుకుని బతికేది.

ఆ ఏడు ఆమె కాయ తిన్న జింకపిల్లకు వాంతులు పట్టుకున్నాయి. పిల్ల బతికి బట్టకట్టింది గానీ, దూదమ్మకు మాత్రం ముద్ద దిగలేదు. నా చేతి కాయ తినే కదా అని కుమిలిపోయింది.

సంగతి పులిరాజు దాకా పోయింది. కూరగాయలు పండించేవాళ్లంతా శుభ్రత శిక్షణ పొందాలనీ, పొందనివాళ్లు సంతలో కూర్చోకూడదనీ ఆజ్ఞ వచ్చింది. శిక్షకుడిగా జిత్తయ్య అనే నక్కను వేశారు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క పాదు తవ్విన పాపాన పోలేదు జిత్తయ్య. అయితేనేం, మంచి గొంతుంది.

అతను చెప్పిందల్లా ఒకటే: చేతులు కడుక్కోండి, కాయలు ఏట్లో బాగా కడగండి.

దూదమ్మ బెరుకుగా లేచింది. "అయ్యా, ఎగువన కోరప్పగారు పొర్లుతుంటారు కదా. ఆ నీళ్లే మా దగ్గరికొస్తాయి. వాటితో కడగొచ్చా?"

కోరప్ప అంటే అడవిపంది, అడవి సభకు అధ్యక్షుడు. ముందు వరుసలోనే కూర్చుని ఉన్నాడు.

ఇది కాయల శిక్షణే గానీ ఏటి శిక్షణ కాదన్నాడు జిత్తయ్య, నవ్వు చెరగకుండా. పక్కనున్న ఉడుత దూదమ్మను కిందికి లాగి కూర్చోబెట్టి, పిల్లలున్నదానివి, సంతకు రానివ్వకపోతే ఏం తింటావని గొణిగింది.

శిక్షణ ముగిసిన రోజు విందు. అందరూ కాయలు ఏట్లో ముంచి ముంచి కడిగారు. దూదమ్మా కడిగింది, ఎగువకేసి చూడకుండా కడిగింది. పులిరాజుకు కూరగాయలు గిట్టవు. అయినా ప్రజల కోసం రెండు దోసముక్కలు నోట్లో వేసుకున్నాడు. కోరప్ప బుట్టెడు లాగించాడు.

తెల్లారేసరికి ఇద్దరూ పొదల వెంట పరుగులు.

విచారణలో దూదమ్మ ఇక కడుపులో దాచుకోలేకపోయింది. తప్పు కాయలది కాదు, నీళ్లదని చెప్పేసింది. పులిరాజు నీరసంగా జిత్తయ్య వైపు చూశాడు.

"ఈ సంగతి నీకు ముందే తెలుసా?" అని జిత్తయ్య ఆమెను మెత్తగా అడిగాడు.

"తెలుసు. మిమ్మల్నే అడిగాను కదయ్యా."

"విన్నారా ప్రభూ? మిగతావాళ్లు పాపం తెలియక కడిగారు. ఈమె తెలిసి తెలిసీ కడిగింది."

దూదమ్మను సంత నుంచి వెలివేశారు. జిత్తయ్యకు సన్మానం జరిగింది. ఒళ్లు కుదుటపడగానే కోరప్ప మళ్లీ ఎగువ బురదలో చేరాడు.

తర్వాతి శిక్షణలో సందేహాలుంటే అడగమంటే ఒక్క చెయ్యీ లేవలేదు. అందరికీ బాగా అర్థమైందని జిత్తయ్య రాజుకు విన్నవించాడు.

నీతి: చేతులు కడుక్కోవడం ఎవరికైనా వస్తుంది, దులుపుకోవడానికే శిక్షణ కావాలి.