అయిదు మాటల్లో మూడు

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఉన్నవాళ్ళు: మా నాన్న ఆర్నీ హాగెన్, వయసు నలభై ఒకటి, వృత్తి క్వార్టర్‌బ్యాక్, ఆయన మోకాళ్ళు, వయసు డెబ్బై పైచిలుకు, మా అమ్మ లోర్నా, నానమ్మ ఇంగా, నాన్న వ్యవహారాలు చూసే డెల్మర్ ప్రిచర్డ్ గారు, చెవులు వినపడని మా కుక్క, నేను. నన్ను చివర రాసుకున్నది వినయంతో కాదు. మా ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టేవాళ్ళు కుక్క తరువాతే నన్ను గమనిస్తారు.

సందర్భం, నాన్న తన రిటైర్మెంట్‌ను మూడోసారి రద్దు చేసుకోవడం. దీనికి మా ఊరు బాగా అలవాటుపడింది. మొదటిసారి రిటైరైనప్పుడు ఊరి నీళ్ళ ట్యాంకు మీద ఆయన నంబరు పదిహేడు వేయించి, కింద ‘ధన్యవాదాలు’ అని రాయించారు. రెండోసారి ‘మళ్ళీ ధన్యవాదాలు’ అయింది. మూడోసారి పెయింటరు నిచ్చెన దించకుండా అక్కడే వదిలి ఇంటికి పోయాడు. చర్చి ఆడవాళ్ళు మూడుసార్లూ బంగాళాదుంపలు, చీజ్ వేసి కాల్చిన కాసరోల్ పళ్ళాలు తెచ్చి, మూడుసార్లూ మనస్ఫూర్తిగా ఏడ్చి, ఖాళీ పళ్ళాలు గుర్తుపెట్టుకుని పట్టుకెళ్ళారు. వీడ్కోలు ప్రసంగాలు మూడూ నేనే రాసిచ్చాను. ‘ఇక కుటుంబంతో గడపాలని ఉంది’ అన్న వాక్యం మూడింటిలోనూ ఉంది. ఆ కుటుంబం నేనే కాబట్టి దాన్ని ప్రతిసారీ మంచి దస్తూరితో రాశాను.

మా అమెరికా ఫుట్‌బాల్ జట్టులో బంతిని చేత్తో విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. బంతి ఆయన చేతిలో ఉన్న మూడు సెకన్లలో మూడు వందల పౌన్ల మనుషులు నలుగురైదుగురు వచ్చి ఆయన మీద పడతారు. దీనికి డెబ్బై వేలమంది టికెట్లు కొనుక్కుని వస్తారు. ఇలా పద్దెనిమిదేళ్ళు కింద పడి లేచినవాడిని మా రాష్ట్రంలో మహానుభావుడు అంటారు. ఆట లేని నెలల్లో నాన్న ట్రాక్టర్లు, నొప్పుల మందు, పరుపులు అమ్మిపెడతాడు. పరుపుల ప్రకటనలో ఆయన నటనను అందరూ మెచ్చుకున్నారు. ఆయన నటించలేదు, నిద్రపోయాడు.

ఇక నా ఉద్యోగం గురించి. ఏటా జూలైలో, ఆటలు మొదలు కాకముందు, ఆటగాళ్ళందరికీ జ్ఞాపకశక్తి పరీక్ష పెడతారు. డాక్టరు అయిదు మాటలు చదువుతాడు. కాసేపు ఆగి అవి ఏమిటని అడుగుతాడు. ఎన్ని చెప్పారో రాసి ఉంచుతారు. సీజన్‌లో తలకు దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష. మార్కులు జూలై కంటే తగ్గితే ఆట నుంచి బయట కూర్చోబెడతారు. కాబట్టి బుద్ధిమంతులైన ఆటగాళ్ళు జూలైలోనే కావాలని తప్పులు చెబుతారు. ముందే కింద ఉన్న మార్కు ఇంకెక్కడికి పడుతుంది?

ఈ మరుపు సహజంగా ఉండేలా నాన్నకు శిక్షణ ఇచ్చేది నేను. బయట నలుగురిలో నోరు విప్పలేని దాన్ని కాబట్టి మాటలు మింగడంలో నాకు అనుభవం ఉందని ఇంట్లోవాళ్ళ నమ్మకం. మొదటి మాట గట్టిగా చెప్పాలి, మూడో మాట దగ్గర మెడ గోక్కోవాలి, తరువాత అమాయకంగా నవ్వాలి. ఈ పద్ధతి నేను పదకొండో ఏట కనిపెట్టాను. డైరీలో బొమ్మ కూడా వేసుకున్నాను. ఏటా సాధన అయిపోయాక, నోరు శుభ్రం చేసుకుంటానని నాన్న అయిదు మాటలూ వెనకనుంచి ముందుకు గడగడా అప్పజెప్పేవాడు. నానమ్మ చప్పట్లు కొట్టేది. అది మా ఇంటి ఆచారం.

ఆ రోజూ అందరూ వంటింట్లో చేరారు. వేయించిన చీజ్ ముక్క ఒకటి చేతిలో పట్టుకుని డెల్మర్ గారు ఉపన్యసించారు. “ఈ రాష్ట్రం పాలు, వెన్న, ఆర్నీ హాగెన్, ఈ మూడింటి మీద నిలబడి ఉంది. వీటిలో ఒకదాన్ని తీసేసే హక్కు ఎవరికీ లేదు, ఆర్నీకి అసలే లేదు.”

“వెన్నకు మోకాళ్ళు నొప్పి పుట్టవు కదా,” అంది అమ్మ. ఆ మాట ఎవరికీ వినపడనట్టుంది.

నేను మాటలు చదివాను. గిన్నె, గుర్రం, వంతెన, కొవ్వొత్తి, చక్కెర. కాసేపాగి నాన్న చెప్పాడు: గిన్నె, వంతెన, చక్కెర. మెడ గోక్కున్నాడు, నవ్వాడు. నా శిక్షణలో లోపం లేదు.

“ఇప్పుడు నోరు కడుక్కోరా,” అంది నానమ్మ.

నాన్న పైకప్పు వైపు చూశాడు. “చక్కెర,” అన్నాడు. చాలాసేపటికి “వంతెన” అన్నాడు. తరువాత “గిన్నె.” మెడ గోక్కోలేదు.

అందరూ పగలబడి నవ్వారు. ఇలాంటి నటుణ్ణి ఏ డాక్టరూ పట్టుకోలేడని డెల్మర్ గారు బల్ల చరిచారు. నానమ్మ చప్పట్లు కొట్టింది. నేనూ నవ్వాను. అందరి కంటే గట్టిగా నవ్వాను. తరువాత బాత్రూంలోకి వెళ్ళి డైరీలో ‘అయిదింటిలో మూడు, రెండుసార్లూ’ అని రాసుకున్నాను. పోయిన జూలై పేజీ తీసి చూస్తే ‘వెనకనుంచి అయిదు, ఒక్కచోట ఆగాడు’ అని ఉంది. అంతకు ముందు ఏడాది ఎక్కడా ఆగలేదు. ఏ ఏడాది ఏ ఆటలో నాన్న బంతిని ఎన్ని గజాల దూరం విసిరాడో మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా నోటికి వచ్చు. ఇంతమంది ఆయన తరఫున గుర్తుపెట్టుకుంటుంటే ఆయన తల ఎందుకు శ్రమపడాలి? ఆ లెక్కన నా శిక్షణ పూర్తయింది. ఈ ఏడు ఆయన నటించక్కర్లేదు.

బయటికి వచ్చేసరికి నాన్న, డెల్మర్ గారు కొత్త సీజన్ ఒప్పందం మీద సంతకానికి నాన్న గదిలోకి వెళ్ళారు. తలుపు తట్టాను. నాన్నే తీశాడు. నేను డైరీ చూపించాను. ఆయన రెండు పేజీలూ తొందర లేకుండా చదివాడు.

“ఆ రెండూ ఏమిటవి?” అని గొంతు తగ్గించి అడిగాడు.

“గుర్రం. కొవ్వొత్తి.”

పెదవులు కదుపుతూ ఒకసారి అనుకున్నాడు. “డెల్మర్ ముందు అనకు, టిల్డా.”

“సంతకం పెట్టకు నాన్నా.” అది నేను పదిహేనేళ్ళలో ఇంట్లో చేసిన అతిపెద్ద ఉపన్యాసం.

“ఇంకొక్క ఏడాదే, తల్లీ.”

“పోయినేడూ అదే అన్నావు.”

“అన్నానా?”

హాస్యమో కాదో పోల్చుకుందామని ఆయన ముఖంలోకి చూశాను. లోపలినుంచి డెల్మర్ గారు కలం సిద్ధంగా ఉందన్నారు. నా చొక్కా మీద ఉన్న పదిహేడో నంబరును నాన్న వేలితో మెల్లగా తట్టి, తలుపు వేసేశాడు.