రెండు సెకన్లు మిగిల్చిన మొనగాణ్ణి

సేవ్ కాకముందే ‘సేవ్ అయింది’ అనే కంప్యూటర్ దొరకడం అదృష్టం! నిజం చెప్పే కంప్యూటర్ మనిషిని వరుసలో నిలబెడుతుంది. నమ్మరా?

కొత్తవాడ నేత సంఘంలో కంప్యూటర్ చూసేది నేను. నేతగాళ్లు తెచ్చిన ప్రతి జంపఖానానూ వాళ్ల పేరుతో ఎక్కిస్తాను. సేవ్ నొక్కితే డేటాబేస్ ‘రాశావా?’ అని డిస్కును అడుగుతుంది. డిస్కు నిజంగా రాసి ‘రాశాను’ అనేదాకా కదలదు. ఎంత చాదస్తం!

ఆ ఆలస్యాన్ని వెయ్యిసార్లు కొలిచాను. సగటున ముప్పై ఒక్క మిల్లీసెకన్లు. ఒక్కో జంపఖానాకు అరవై సేవ్‌లు. అంటే దాదాపు రెండు సెకన్లు! అరవై ఎందుకు, చివర్లో ఒక్కటి చాలదా అని మీరడగవచ్చు. ప్రోగ్రాం రాసింది నేనే. అందుకని తప్పు డిస్కుదని తేల్చాను.

వారాల తరబడి మగ్గం మీద కూర్చునేవాళ్లు ఈ రెండు సెకన్ల గురించి ఒక్కనాడూ ఫిర్యాదు చేయలేదు. వాళ్ల తరఫున నేనే బాధపడ్డాను.

“మిగిలిన రెండు సెకన్లల్ల ఏం జేస్తవ్ తమ్మీ?” అన్నాడు సంఘం అధ్యక్షుడు కైలాసం.

అభివృద్ధి అంటే ఆయనకేం తెలుసు? డిస్కు జవాబు కోసం ఆగొద్దని డేటాబేస్‌కు చెప్పాను. అరవై సేవ్‌లూ రెప్పపాటులో అయ్యాయి! గ్రాఫ్ గీసి గోడకు అంటించాను.

ఢిల్లీ ఎగ్జిబిషన్‌కు జాబితా పంపే చివరి రోజు వచ్చింది. వరుసలో చివర భద్రమ్మ. పదకొండు రోజులు నేసిన జంపఖానా. ఢిల్లీకి ఆమె పని వెళ్లడం అదే మొదటిసారి.

“గింత జల్ది ఎక్కిందా బిడ్డా?”

“ఎక్కింది పెద్దమ్మా. ఫికర్ జెయ్యకు.”

ఆమె గడప దాటకముందే కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ చచ్చి రెండేళ్లు. కరెంటు వచ్చాక జాబితా మెయిల్ చేశాను. తెరిచి చూడలేదు. ‘సేవ్ అయింది’ అని స్క్రీన్ చెప్పాక మళ్లీ చూడటం మర్యాదేనా?

తెల్లారి ఢిల్లీ సరుకు కోసం బండి వచ్చింది. జాబితాలో భద్రమ్మ పేరు లేదు. జాబితాలో లేనిది బండి ఎక్కదు. మెమరీ వేరు, డిస్కు వేరు, కరెంటు పోతే మెమరీలోది పోతుంది అని ఆమెకు వివరించాను. చివరిదాకా విన్నది.

“గదంత సరే బిడ్డా. నువ్వు రాసినవా, రాసిన అన్నవా?”

బండి వెళ్లిపోయింది. జంపఖానాను భుజాన వేసుకుని ఆమె ఇంటికి వెళ్లింది.

ఆ పూటే డిస్కు జవాబు కోసం ఆగమని డేటాబేస్‌కు మళ్లీ చెప్పాను. అరవై సేవ్‌లను ఒక్కటి చేశాను. ఇప్పుడు జంపఖానాకు ముప్పై ఒక్క మిల్లీసెకన్లే. స్క్రీన్ చెప్పే మాట కూడా నిజమే. ఎవరికి కావాలి?

నిన్న భద్రమ్మ ఇంకో జంపఖానా తెచ్చింది. సేవ్ నొక్కాను. ఆమె కదల్లేదు.

“వైరు పీకు” అంది.

పీకాను. మళ్లీ పెట్టాను. కంప్యూటర్ మళ్లీ లేచి, స్క్రీన్ మీద తన పేరు కనబడ్డాకే ఆమె వెళ్లింది. నాలుగు నిమిషాలు.

వరుసలో ఆమె వెనక నిలబడ్డ నేతగాడు మొగిలి ముందుకొచ్చాడు.

“నాదెక్కియ్యి అన్నా. ఎక్కిచ్చి, వైరు పీకు.”

అతని వెనక ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు.