కన్వర్టర్ కాలిన ఉదయం

పదింటికి తనిఖీ అధికారి వస్తాడు. ఈలోగా కన్వర్టరును ఒకసారి నడిపి చూసి, కాఫీ తాగి, తల దువ్వుకుని సిద్ధంగా ఉండాలని టెస్టింగు ఇంజనీరు అనుకున్నాడు. విమానం బ్యాటరీ కరెంటును లోపలి పరికరాలకు తగ్గట్టు మార్చి ఇచ్చే పెట్టె అది. తొందరలో ఎర్ర తీగను నల్ల తీగ బోల్టుకూ, నల్లదాన్ని ఎర్రదాని బోల్టుకూ బిగించి స్విచ్చి వేశాడు. టప్పుమంది. గదంతా కాలిన వాసన.

గబగబా తీగలు విప్పి, ఈసారి సరిగ్గా బిగించేసరికి మేనేజరమ్మ గుమ్మంలో ఉంది.

"ఏమైంది?"

"స్విచ్చి వేశానో లేదో పోయింది మేడమ్. లోపల తీగల అతుకే సరిగ్గా లేనట్టుంది."

ఆ ఒక్క మాటతో తయారైన నలభై పెట్టెలూ ఆగిపోయాయి. లారీ ఎక్కినవి దిగాయి. అన్నిటి మూతలూ విప్పి అతుకులు చూడమని మేనేజరమ్మ హుకుం జారీ చేసింది. "అన్నీ అక్కర్లేదేమో..." అని ఇంజనీరు నసిగితే, "మీరు మరీ మంచివారండీ" అని మెచ్చుకుంది.

పదింటికి, సరిగ్గా తనిఖీ అధికారి ఎదుటే, ముప్ఫై ఏళ్లుగా అతుకులు వేస్తున్న పెద్దావిడ కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చింది. ఫ్యాక్టరీ అంతటికీ ఆవిడ అక్కయ్య.

"తప్పు నాదే అయ్యుంటుందమ్మా. ఈ మధ్య చూపు ఆనట్లేదు. అదే గాల్లో ఉండగా పోయుంటే! ఇక నేను పని మానేస్తా."

భూమి చీలితే లోపలికి పోదామనిపించింది ఇంజనీరుకు. చీలలేదు.

"అక్కయ్యా, మీ అతుకు బంగారం. తీగలు తారుమారు చేసింది నేనే. అబద్ధమాడాను."

అధికారి పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈయన కాకపోతే రేపు విమానం దగ్గర ఇంకొకరు చేస్తారు. రెండు బోల్టులూ ఒకే సైజు పెడితే ఎలాగండీ? ఇంతమందిలో ఎవరికీ తట్టలేదా?"

బతికిపోయాననుకుని ఇంజనీరు ఊపిరి పీల్చుకున్నాడు.

"తట్టింది సార్," అంది అక్కయ్య మెల్లగా. "బోల్టులు వేరే వేరే సైజులు పెట్టమని ఆర్నెల్ల కిందటే కాగితం పెట్టాను."

మేనేజరమ్మ ఫైలు తెప్పించింది. కాగితం ఉంది. దాని మీద ఏదో అడ్డంగా రాసి ఉంది. కింద ఇంజనీరు సంతకం, అరపేజీ మేర.

"చదవండి," అంది మేనేజరమ్మ.

అతను గొణిగాడు.

"గట్టిగా."

"ఇంత తెలివితక్కువగా ఎవరూ బిగించరు. మార్పు అవసరం లేదు."

అక్కయ్య పాపం, అతని ముఖం చూడలేక కిటికీవైపు తిరిగింది.

ఆవిడ పని మానలేదు. కొత్త పెట్టెలకు రెండు సైజుల బోల్టులు వచ్చాయి. ఆ డ్రాయింగు మీద ఇంజనీరు సంతకం మాత్రం చుక్కకంటే కాస్త పెద్దదిగా ఉంది.