ముట్టరాదు, తొక్కవచ్చు

మన భాషలో అన్నిటికంటే గొప్ప మాట ఏదని ఎవరైనా నన్ను అడిగితే, అమ్మ అనీ ప్రేమ అనీ మొహమాటానికి పోకుండా, ఠక్కున 'ముట్టరాదు' అంటాను. తొందరపడి నవ్వకండి. బాగా ఆలోచించే చెబుతున్నాను. ఆలోచించడానికి నాకు బోలెడు తీరిక కూడా ఉంది.

ఆ మాటే లేకపోతే ఈ లోకం ఏమైపోయేది? మా ఇంట్లో అద్దాల బీరువాలో పింగాణీ కప్పుల సెట్టు ఒకటుంది. మా పెళ్ళికి ఎవరో ఇచ్చారు. ఇప్పటికీ తళతళలాడుతూ ఉంటుంది. ఎందుకని? అందులో ఇంతవరకూ ఎవరూ ఒక్క గుక్క టీ తాగలేదు గనక. రోజూ తాగే కప్పుల సంగతి చూడండి. ఒకదానికి చెవి లేదు, ఇంకోదానికి అంచు లేదు. వాడినందుకు వాటికి పట్టిన గతి అది!

మా పక్కింటాయన నాకంటే ముందుచూపు గల మనిషి. సోఫా కొన్నప్పుడు వచ్చిన ప్లాస్టిక్ కవరు ఇంతవరకూ తీయలేదు. ఎండాకాలంలో దానిమీద కూర్చున్న చుట్టాలు లేచేటప్పుడు చర్రుమని శబ్దం వస్తుంది, చర్మం కొంత అక్కడే ఉండిపోతుంది. పోతే పోయింది, చర్మం మళ్ళీ వస్తుంది. సోఫా వస్తుందా? టీవీ రిమోటుకు ఒక కవరు, ఆ కవరు మాసిపోకుండా ఇంకో కవరు తొడిగాడు. ఇప్పుడు ఏ బటన్ నొక్కినా ఏ చానలూ మారదు. దాంతో వాళ్ళింట్లో చానల్ గురించి కొట్లాటలు పూర్తిగా ఆగిపోయాయి. కుటుంబశాంతి అంటే అదీ!

ఇటువంటి భావాలున్న నాకు మా ఊళ్ళో కొత్తగా తెరిచిన పాత యుద్ధ విమానాల మ్యూజియం ఎంత నచ్చి ఉంటుందో మీరే ఊహించుకోండి. పెద్ద షెడ్డు. మొహం కనబడేటంత నున్నటి నేల. ఒకప్పుడు ఎగిరిన విమానాలన్నిటినీ తుప్పు గోకి, రేకులు మార్చి, రంగులేసి వరసగా నిలబెట్టారు. చుట్టూ ఎర్ర తాళ్ళు. విమానాన్ని ముట్టరాదు. తాడును పట్టుకోరాదు. తాడు కట్టిన స్తంభాన్ని ఆనుకోరాదు. గోడ దగ్గర కుర్చీలు వేసి, వాటిలో కూర్చోరాదని రాశారు. ఇంత చక్కటి క్రమశిక్షణ నేను ఆసుపత్రుల్లో కూడా చూడలేదు.

తాడుకు మరీ దగ్గరగా వెళితే పైనుంచి ఒక ఆడగొంతు, "దయచేసి వెనక్కి జరగండి" అంటుంది. రికార్డు చేసిన గొంతే అనుకోండి. కానీ నాతో ఇంట్లో ఎవరూ అంత మర్యాదగా మాట్లాడరు. అందుకని రెండు మూడుసార్లు కావాలనే ముందుకు జరిగాను.

ఉన్నమాట చెప్పాలంటే నేను అక్కడికి వెళ్ళింది విమానాల కోసం కాదు. మా అక్కా బావల తగువు తీర్చడానికి.

మా బావ ఉద్యోగమంతా విమానాలు బాగుచేసే వర్క్‌షాపులో, రేకుల సెక్షన్లో గడిచింది. విమానం ఒంటిమీద సొట్ట పడితే సాపు చేయడం, చిల్లు పడితే రేకు ముక్క కత్తిరించి, రివెట్లు కొట్టి అతుకు వేయడం ఆయన పని. ఒక్కసారి కూడా విమానమెక్కి ఎగరలేదు. ఎగరడం తలుచుకుంటేనే ఆయనకు కళ్ళు తిరుగుతాయి. మా చుట్టాలంతా ఆయన్ని అతుకుల బావ అంటారు.

ఈ అతుకుల బావ తన పెళ్ళికి తానే ఆలస్యంగా వచ్చాడు. కాస్తో కూస్తో కాదు. పెళ్ళికొడుకు జాడ లేకపోయేసరికి, వచ్చినవాళ్ళు ఆగలేక భోజనాలు కానిచ్చేసి చేతులు తుడుచుకుంటున్నారు. అప్పుడు పరిగెత్తుకుంటూ వచ్చి బావ చెప్పిన సంజాయిషీ ఏమిటంటే, ఆ ఉదయం ఒక యుద్ధ విమానం ఎడమ రెక్క కింద చిల్లుతో దిగిందట, సాయంత్రానికల్లా మళ్ళీ ఎగరాలని ఆఫీసరు పట్టుబట్టాడట, అతుకు వేసేసరికి ఇంత సేపయిందట. అరచేతంత అతుకు, గుమ్మడిగింజ ఆకారంలో.

మా అక్క నమ్మలేదు. పేకాటలో కూర్చుని పెళ్ళి మరిచిపోయాడని ఆవిడ వాదన. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఏ గొడవ మొదలైనా, కూరలో ఉప్పెక్కువైనా, కరెంటు బిల్లు కట్టడం మరిచిపోయినా, చివరికి ఆ అతుకు దగ్గరకే వచ్చి ఆగుతుంది. బావ బజారునుంచి కాస్త ఆలస్యంగా వచ్చాడంటే చాలు, "ఏం, దారిలో విమానమేదైనా కనబడిందా?" అంటుంది.

అలాంటిది, మ్యూజియం గురించి పేపర్లో వేసిన ఫోటోలో తోకమీద నంబరు చూసి బావ ఎగిరి గంతేశాడు. అదే విమానం! తీసిపారేశారనుకున్నది బతికే ఉంది. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు, నాకు ఫోన్ చేశాడు.

"ఒరేయ్, నువ్వూ రా. పత్రికల్లో రాస్తావు గదా, మధ్యవర్తిగా ఉండు. నాకు చూపు ఆనకపోయినా చెయ్యి పెట్టి చూపిస్తాను. మీ అక్క చేత కూడా తడిమిస్తాను. ఇవాళ్టితో తేలిపోవాలి."

వెనకనుంచి అక్క గొంతు వినబడింది. "పదండి, పదండి. నా పెళ్ళికి అడ్డొచ్చిన ఆ సవతేదో నేనూ కళ్ళారా చూస్తాను."

అలా ముగ్గురం వెళ్ళాం. గైడు కుర్రవాడేం కాదు, నడివయసు మనిషి. చెంపకు మైకు తగిలించుకుని, ఉన్న పదిమందికీ మైదానం నిండా జనం ఉన్నట్టు చెబుతున్నాడు. బావ విమానం షెడ్డు మధ్యలో ఉంది. లోపల పైలట్ బొమ్మను కూర్చోబెట్టారు. మా వంశంలో ఎవరికీ లేనంత కోటేరు ముక్కు దానికి. కుడి రెక్క పైభాగం కనబడేలా పక్కనే మెట్లు కట్టారు. మెట్లెక్కిన బావ రెక్క మొదట్లో ఎర్ర అక్షరాలు చూసి ఆగిపోయాడు.

"ఇదేంట్రా, 'ఇక్కడ తొక్కు' అనుంది?"

"తొక్కమనే కదా బావా."

"కాదురా. 'ఇక్కడ తొక్కకు' అని నేనే రాశాను. అక్కడ రేకు పలచన. ఇంగ్లీషులో రాసుంటే ఎవడూ చదవకుండా ఎక్కేస్తున్నారని, మన భాషలో రాయమన్నారు."

జరిగిందేమిటంటే, పాత అక్షరాలమీద కొత్త రంగు దిద్దిన కళాకారుడు మధ్యలో ఒక 'క' వదిలేశాడు. ఒక్క అక్షరమే కదా అని మీరనవచ్చు. నేనూ అదే అంటాను. ఆ ఒక్క అక్షరం పోబట్టే కదా ఆ మ్యూజియానికి ఇంత పేరొచ్చింది!

ఆ కథ గైడు స్వయంగా చెప్పాడు. ప్రారంభోత్సవానికి వచ్చిన ముఖ్య అతిథిగారు ఎటు చూసినా రాదు, రాదు, రాదు అని చదివి చదివి విసిగిపోయారట. చివరికి ఒకచోట 'తొక్కు' అని కనబడేసరికి ప్రాణం లేచివచ్చి, ఫోటోగ్రాఫర్ను పిలిచి, మెట్లమీంచి కాలు చాపి తొక్కారట. వారు కొంచెం నిండైన మనిషి. రెక్కమీది రేకు లోపలికి పోయింది. ఇప్పుడు అక్కడ బూటు అచ్చు పడినట్టుగా ఒక సొట్ట ఉంది. దానిమీద అద్దం పెట్టె. పెట్టెలో చిన్న దీపం. ఇత్తడి పలకమీద 'ముఖ్య అతిథిగారి పాదముద్ర' అని చెక్కించారు. పక్కన ఇంకో కొత్త బోర్డు: 'పైన రాసినది పాటించరాదు.'

"ఆ అక్షరమేదో దిద్దితే సరిపోయేది కదండీ," అన్నాడు బావ మెల్లిగా.

"దిద్దకూడదు సార్. నిపుణుల కమిటీ ఆమోదించింది."

"పోనీ ఈ సొట్టయినా తీసేస్తాను. ఎంతసేపు, చిన్న సుత్తి ఉంటే చాలు."

గైడు అద్దం పెట్టెకు అడ్డంగా నిలబడ్డాడు. "సొట్టంటారేంటి సార్, అది హిస్టరీ."

నేను మనసులోనే చప్పట్లు కొట్టాను. చరిత్ర విలువ తెలిసిన సంస్థ అంటే ఇలా ఉండాలి! మామూలు చోట్లయితే పరువు పోయిందని రాత్రికి రాత్రే రేకు మార్చేసేవారు. వీళ్ళు దీపం పెట్టారు.

తర్వాత ఎడమ రెక్క వైపుకి వెళ్ళాం. బావ నడకలో హుషారు వచ్చింది. అక్క కూడా కళ్ళజోడు సర్దుకుంది. బావ తాడు దగ్గర వంగి రెక్క అడుగుభాగం చూశాడు. ఆ చివరినుంచి ఈ చివరికి చూశాడు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. "దయచేసి వెనక్కి జరగండి" అంది పైనుంచి గొంతు. "జరుగుతానమ్మా, ఒక్క నిమిషం," అని దానికి బదులు చెప్పి ఇంకా కిందికి వంగాడు.

రెక్క నున్నగా ఉంది. అతుకు లేదు, రివెట్ల మచ్చ లేదు, గీత కూడా లేదు. కొత్త రేకు, కొత్త రంగు. మా బావ మొహం అప్పుడు ఎలా ఉందో రాయడానికి నాకు మనసొప్పడం లేదు. ఎంతటివాడికైనా ఓ వెటకారం తగిలించే నాకు ఆ క్షణంలో ఒక్కటీ తట్టలేదు. ఉత్త జాలేసింది.

"ఏం వెతుకుతున్నారు సార్?" అన్నాడు గైడు.

"ఇక్కడ ఒక అతుకు ఉండాలండీ."

"అతుకా? ఈ విమానానికి ఒక్క అతుకు కూడా లేదు సార్. ఎప్పుడూ లేదు. ఫ్యాక్టరీనుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. బోర్డు చదవండి."

బోర్డుమీద నిజంగానే 'అసలు స్థితిలో' అని ఉంది. ఉన్న పదిమందీ బావ వంక అదోలా చూశారు. బావ ఎవరి వంకా చూడలేదు, అక్క వంక చూశాడు. ఎన్నేళ్ళ కేసు! సాక్ష్యం చూపిస్తానని స్వయంగా తీసుకొచ్చి, ఊరందరి ముందూ ఓడిపోయి నిలబడ్డాడు. ఇక అక్క నోటికి అడ్డుండదని నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

అక్క ముందుకొచ్చింది. బావ దగ్గరికి కాదు, గైడు దగ్గరికి.

"ఎందుకు లేదు? ఉంది," అంది.

"మీరు చూశారా మేడమ్?"

"నేనెందుకు చూడాలి? పెళ్ళిరోజు ఈయన చేతులు చూశాను. గోళ్ళ సందుల్లో, మణికట్టు దాకా అంతా రేకు పొడి. నా చెయ్యి పట్టుకుంటే నాకూ అంటింది. కొత్త చీరకీ అంటింది, ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. పేకాట ఆడితే రేకు పొడి అంటుతుందా బాబూ?"

గైడు చెంపమీది మైకు సర్దుకున్నాడు. "అంటే, రికార్డుల్లో ఎక్కడా..." అన్నాడు.

"మీ రికార్డుల సంగతి నాకు తెలీదు. అతుకు ఉండేది. మీరు పీకేశారు. పీకేస్తే పీకేశామని చెప్పండి, అంతేగానీ అసలు లేదంటారేంటి?"

తాడు దాటి రెండడుగులు ముందుకొచ్చిందన్న సంగతి అక్కకు తెలియనే లేదు. పైనుంచి గొంతు వెనక్కి జరగమని బతిమాలుతూనే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు.

బయటికి వచ్చాక బావ అక్క వైపు తిరిగాడు. "మరి ఇన్నేళ్ళూ నమ్మలేదన్నావు?"

"నమ్మానంటే రోజూ ఆలస్యంగా వచ్చేవారు," అంది అక్క.

బావ మెట్లమీద కూలబడి కడుపుబ్బ నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తుడుచుకున్నది అంతా నవ్వుకు వచ్చిన నీళ్ళేనని నేను అనుకోను.

కాబట్టి పాఠకులారా, ఆ మ్యూజియంవాళ్ళను ఎవరైనా ఒక్క మాటంటే నేను ఊరుకోను. అతుకు అక్కడే ఉండి ఉంటే మా అక్క, "ఇది ఇంకెప్పుడో వేసింది" అని కొట్టిపారేసేది. తగువు ఇంకో తరం నడిచేది. వాళ్ళు పీకి పారేశారు గనక ఒక్క పూటలో తెమిలిపోయింది. ఇంతకంటే ప్రజాసేవ ఏముంటుంది?

అసలు స్థితి అంటే ఏమిటో కూడా నాకు అక్కడే తెలిసింది. ఎవరూ పని చేయకముందు ఉండే స్థితి అన్నమాట! చిల్లు పడ్డ ప్రతిసారీ మళ్ళీ గాల్లోకి లేపిన చేతులు ఎన్ని ఉన్నాయో, వాటి గుర్తులన్నీ గోకేశారు. కొత్తగా పడ్డ బూటు గుర్తుకు మాత్రం దీపం పెట్టారు. మీ పిల్లలు పదికాలాలపాటు గుర్తుండిపోవాలని మీకుంటే, ఏదైనా బాగుచేయడం నేర్పించకండి. ఎక్కడ తొక్కాలో నేర్పించండి.

వచ్చేముందు నేను ఆఫీసు గదిలోకి వెళ్ళి, ఎడమ రెక్క దగ్గర చిన్న బోర్డు ఒకటి పెట్టమని మేనేజరు గారిని అడిగాను. అన్ని బోర్డులు పెట్టినవారికి ఇదొక లెక్కా అనుకున్నాను. ఆయన చాలా మర్యాదగా, "లేని వస్తువుకు బోర్డు పెట్టడం మా పద్ధతి కాదండీ" అన్నారు.

అందుకని ఆ బోర్డేదో నేనే ఇక్కడ పెడుతున్నాను: ఈ రెక్క కింద ఒక అతుకు ఉండేది. ఒక పెళ్ళికొడుకు తన పెళ్ళి ఆపుకుని వేశాడు. ఆ సాయంత్రం విమానం ఎగిరింది, క్షేమంగా దిగింది.

కాగితమే కదా, మీరు ముట్టుకోవచ్చు.