కృతజ్ఞత చాలని చొక్కా

ధనిక దేశాలు ఉచితంగా ఇచ్చే ప్రతి వస్తువుకూ పుచ్చుకునేవాడి ముఖంలో తగినంత కృతజ్ఞత కనిపించి తీరాలని ఈమధ్య ఒక అంతర్జాతీయ నిబంధన వచ్చింది. తగినంత అంటే ఎంతో పేదలకు తెలియదు గనక, ఆ శ్రమ కూడా ఇచ్చేవాళ్లే తీసుకుని ఒక యాప్ పంపించారు. ఫోను ముఖానికెదురుగా పెడితే కృతజ్ఞత ఎంత శాతముందో చెప్పేస్తుంది. (ఆకలి ఎంత శాతముందో చెప్పే యాప్ ఇంకా తయారీలోనే ఉంది.)

మా వీధి చివరి సహాయ కేంద్రంలో దీన్ని నడిపేది కృతజ్ఞతాధికారి గారు. వారం కిందట ఆయన ముందుకు కాలరక్క వచ్చింది. ఎగుమతి చొక్కాల ఫ్యాక్టరీలో పొద్దస్తమానం కాలర్లే కుడుతుంది కాబట్టి ఆ పేరు. తెల్లచొక్కా లేకపోతే మర్నాడు కూతుర్ని బడి గేటు దాటనివ్వరట. అక్క చేతుల మీదుగా రోజూ తెల్లచొక్కాలే వెళ్తాయి. వెళ్తాయి, అంతే.

అధికారి మూటలోంచి ఒకటి తీశారు. అక్కడివాళ్లు తొడిగి తొడిగి విసుగెత్తి పంపింది. కాలరు ఒకపక్క ఊడింది. అక్క దాన్ని తిరగేసి చూసింది.

"ఇది నేను కుట్టిందే సార్. మూల దగ్గర రెండు కుట్లు ఎక్కువేస్తాను నేను."

"దానమిచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెట్టకూడదమ్మా. ఇటు చూడు."

యాప్ ముప్పై అంది.

"కాస్త కళ్లు చెమర్చు తల్లీ. అరవై దాటితేగానీ ఇవ్వలేను."

"నేను కుట్టినదానికి నేనే ఏడవాలా సార్?"

యాప్ ఇరవైకి దిగింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తుంటే అత్త చప్పట్లు కొట్టకపోవడాన్ని అది నేరంగానే లెక్కిస్తుంది. నాకు ఒళ్లు మండింది. అయితే వెనకాల పాత దుప్పటి కోసం నిలబడ్డవాణ్ని, ముఖం చెడగొట్టుకోలేను.

శాతం ఎంతొచ్చినా చివరికి ఇస్తారు కదా అని అక్క సంచిలోంచి సూదీ దారం తీసి, నిలబడ్డచోటే కాలరు కుట్టేసింది. చొక్కా కొత్తదానిలా అయింది. అధికారి మురిసిపోయి దాన్ని సొరుగులో పెట్టేశారు.

"చిరుగులేని చొక్కా దానానికి పనికిరాదమ్మా. అమ్మకానికి పోవాలి, ఒప్పందం అలా ఉంది."

"పొద్దున్నే పాపకి బడి సార్."

"తెలుసమ్మా. మిగతా మూట కూడా కుట్టిపెట్టు. శ్రమదానం చేస్తే శాతం పెరుగుతుంది. అరవై రాగానే నీకొకటి ఇచ్చేస్తా."

అక్క నమ్మింది. మూటంతా కుట్టింది. కుట్టినవి కుట్టినట్టు సొరుగులోకి పోయాయి. చివరికి దానమివ్వడానికి కేంద్రంలో చిరుగు చొక్కా ఒక్కటీ మిగల్లేదు. అధికారి నిబంధన ప్రకారం ఆమె ముఖం మరోసారి చూశారు. యాప్ సున్నా చూపించింది.

సున్నా రావడం అసాధ్యం గనక యాప్ చెడిపోయిందని తేల్చారు. బాగుచేసే నిపుణుడు యాప్ పంపిన దేశం నుంచే రావాలి. విమానం ఖర్చులకు ఆ చొక్కాలు అమ్మిన డబ్బు సరిగ్గా సరిపోయింది.

పాప వారం రోజులుగా గేటు బయటే ఉంది. నిపుణుడు మాత్రం నిన్న దిగారు, తెల్లచొక్కాలో.